శాసనభాష, జనభాష: గిడుగు రామమూర్తి పంతులుగారి జీవితం

వంశధారా నదీతీరాన వెలసిన శ్రీముఖలింగ క్షేత్రంలో మధుకేశ్వరాలయపు గోడలమీదా స్తంభాలమీదా తూర్పు గాంగరాజుల కాలంనాటి శాసనాలు అనేకం ఉన్నాయి. స్వామి సన్నిధిలో అఖండదీపం పెట్టిన దాత పేరు, ఆ దీపానికి ఇచ్చిన ధనం, శకవత్సరం, ఆ ధర్మాన్ని కాపాడవలసిన బాధ్యత ఎవరిదో ఆ రాతిమీద చెక్కించారు. దేవునికి మొక్కడానికి వచ్చే ప్రతివాడి కంటా పడేచోట చెక్కించారు. ఆనాటి ప్రభుత్వ ప్రకటనలంటే అవే. కాలక్రమాన లిపి మారింది. రాజ్యాలు మారాయి. ఆ అక్షరాలు అక్కడే ఉన్నా వాటిని చదవగలిగినవారు లేకపోయారు. తమ తాతముత్తాతల హక్కులు, ధర్మాలు ఏమిటో చెప్పే రాతల పక్కనుంచే ప్రజలు ప్రదక్షిణం చేసి వెళ్లిపోతూ ఉండేవారు.

ఆ రాతలను ఓపికతో కూడబలుక్కొని చదివిన స్థానికులలో అగ్రగణ్యులు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాషోద్యమ పితామహుడిగా ఆయనను తెలుగుదేశమంతా ఎరుగును. అయితే ఆ ఉద్యమానికి మూలమైన ప్రశ్న కేవలం క్రియారూపాలకు సంబంధించింది కాదు. ఎవరి జీవితాన్ని గురించి ఒక ఉత్తర్వు వెలువడుతున్నదో వారికి ఆ ఉత్తర్వు అర్థమయ్యే మార్గం ఉన్నదా, వారి మాటకు అందులో చోటున్నదా అన్నది ఆ ప్రశ్న. పంతులుగారి డెబ్బదియారేళ్ల జీవితం ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

శ్రీముఖలింగానికి సమీపాన ఉన్న పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న ఆయన జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి వీర్రాజు. వీర్రాజుగారు అక్కడి ఠాణాలో సముద్దారు, అనగా శిస్తు వ్యవహారాలు చూచే ఉద్యోగి. సర్కారు లెక్క, రైతు కష్టం రెండూ ఎదురుపడే ఇంట్లో ఆయన బాల్యం గడిచింది. తండ్రికి చోడవరం బదిలీ అయింది. అక్కడ విషజ్వరం సోకి 1875లో ఆయన మరణించారు. పన్నెండేళ్ల బాలుడి జీవితం ఒక్కసారిగా తలకిందులయింది. బంధువుల ఆదరణలో విజయనగరం చేరి మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదువుకున్నారు. గురజాడ అప్పారావుగారు అక్కడ ఆయనకు సహాధ్యాయి. తరువాతి రోజుల్లో తెలుగు వచనం నడకను మార్చిన ఇద్దరూ ఒకే బడిలో కూర్చొని చదువుకోవడం తెలుగువారి అదృష్టం.

1879లో మెట్రిక్యులేషను ప్యాసయి, మరుసటి సంవత్సరం పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్ఫై రూపాయల జీతంమీద ఉపాధ్యాయుడుగా చేరారు. చెప్పవలసింది చరిత్ర పాఠం. పుస్తకంలో ఉన్న రాజుల పేర్లు వల్లె వేయించి ఊరుకునే స్వభావం ఆయనది కాదు. తాను పుట్టిన సీమ చరిత్ర ముఖలింగం రాళ్లలో ఉన్నదని తెలిసి, ప్రాచీన లిపులను స్వయంకృషితో నేర్చుకొని ఆ శాసనాలను చదివారు. గాంగవంశాన్ని గురించి ఇంగ్లీషులో ప్రామాణికమైన వ్యాసాలు వ్రాసి ఇండియన్ ఆంటిక్వరీ వంటి పత్రికలలో ప్రకటించారు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి బి.ఏ. పట్టం పుచ్చుకున్నారు. రాజావారి పాఠశాల కళాశాల అయినప్పుడు కళాశాల తరగతులకూ పాఠాలు చెప్పారు.

శాసన పరిశోధన ఆయనకు చరిత్రతోపాటు మరొక విషయం కూడ నేర్పింది. ఆజ్ఞను రాతిమీద చెక్కినంత మాత్రాన అది ప్రజల చెంత నిలవదు. చదివి చెప్పేవాడు లేకపోతే అది వట్టి రాయి. ఈ సత్యం ముఖలింగానికి ఉత్తరాన ఉన్న కొండలలో ఆయనకు మరింత స్పష్టంగా కనిపించింది.

పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాష తెలుగూ కాదు, ఒరియా కూడ కాదు. ముండా కుటుంబానికి చెందిన భాష. గంజాం, విశాఖపట్నం జిల్లాల మన్యప్రాంతాలను 1839 నాటి చట్టం సాధారణ న్యాయస్థానాల పరిధినుంచి తప్పించి ఏజెంటుగారి ప్రత్యేకాధికారం కిందికి తెచ్చింది. ఈ ఏర్పాటు కొండవారి రక్షణకోసమేనని చెప్పినా, ఏజెంటు కార్యాలయం మాట్లాడే భాష ఒకటి, కొండవాడు మాట్లాడే భాష మరొకటి. సవర తన మొర చెప్పుకోవాలంటే మధ్యవర్తి కావాలి. సర్కారు తనకేమి చెప్పిందో తెలియాలన్నా మధ్యవర్తే కావాలి. షావుకారు వ్రాసిన అప్పుపత్రంలో ఏమున్నదో తెలియాలన్నా అతడే దిక్కు. మధ్యవర్తి నిజాయితీమీద ఒక జాతి మనుగడ ఆధారపడింది.

ఆ కాలపు నిబంధనల తీరు తెలియడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1882 నాటి మద్రాసు అడవుల చట్టం ప్రకారం ఒక భూభాగాన్ని రిజర్వు అడవి చేయదలచినప్పుడు ప్రభుత్వం గెజెటులో ప్రకటన వేస్తుంది. అందులో హక్కులున్నవారు గడువులోపల సెటిల్మెంటు అధికారి ఎదుట చెప్పుకోవాలి. చెప్పుకోని హక్కు నశిస్తుంది. మన్యంలోని అన్ని కొండలకూ ఈ చట్టం ఒకే తీరున వర్తించకపోయినా, ప్రభుత్వం హక్కులను తేల్చే పద్ధతి ఎట్టిదో దీనివల్ల తెలుస్తుంది. ప్రకటనను దేశభాషలో చాటించాలన్న నియమం లేకపోలేదు. అయితే కార్యాలయాల లెక్కలో దేశభాష అంటే తెలుగు లేదా ఒరియా. తరతరాలుగా పోడు చేసుకుంటూ, కట్టెలు, తేనె, దుంపలు తెచ్చుకుంటూ బ్రతికే మనిషి తన హక్కు ఫలానా తేదీతో ముగుస్తుందన్న సంగతి తెలియకుండానే దానిని పోగొట్టుకొనే అవకాశం ఆ చట్టంలోనే ఉన్నది. అందులో క్రూరమైన మాట ఒక్కటీ ఉండదు. అన్నీ నియమబద్ధంగానే ఉంటాయి. విన్నపం చేసుకోవలసినవాడికి విన్నపం చేసుకోవాలని తెలియదు, అంతే.

పంతులుగారు దీనిని గురించి సభలు పెట్టి ఉపన్యసించలేదు. మొదట తాను సవర భాష నేర్చుకున్నారు. తెలుగు, సవర రెండూ వచ్చిన ఒకనిని ఇంట పెట్టుకొని, మాట మాటా అడిగి, విని వ్రాసుకున్నారు. వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు, అసలు పుస్తకమే లేదు. చెవి ఒక్కటే ఆధారం. ఏళ్ల తరబడి ఈ తపస్సు సాగింది. సవరలో వాచకాలు, కథలు, పాటలు సిద్ధం చేశారు. సొంత డబ్బుతో పాఠశాలలు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చి, సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పించారు. మాతృభాషలో అక్షరాలు నేర్చిన పిల్లవాడు తరువాత తెలుగును సులభంగా నేర్చుకొని, రేపు కచ్చేరీలో కాగితం చదివి తనవారికి చెప్పగలడని ఆయన విశ్వాసం.

ఈ కృషిని ప్రభుత్వం గుర్తించింది. సవర పుస్తకాలకు ప్రతిఫలం ఇవ్వజూపినప్పుడు ఆ సొమ్ము తనకు అక్కరలేదని, దానితో సవరలకు బడి పెట్టవలసిందని ఆయన కోరారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. కాని ఈ విజయానికి ఆయన చెల్లించిన మూల్యం చాల పెద్దది. మన్యంలో తిరిగి తిరిగి చలిజ్వరం పాలయ్యారు. జ్వరానికి వాడిన క్వయినా ప్రభావంవల్ల వినికిడి పోయింది. నోటిమాటకు న్యాయం జరగాలని జీవితమంతా పోరాడిన మహనీయుడు ఆ నోటిమాటను వినలేని స్థితికి వచ్చారు. పోరాటం మాత్రం మానలేదు.

ఇక తెలుగు పిల్లల సంగతి. సవర బాలునికి తెలుగు పుస్తకం పరాయిదైతే, తెలుగు బాలునికి తెలుగు పుస్తకమే పరాయిదై కూర్చున్నది. పరవస్తు చిన్నయసూరిగారి నీతిచంద్రిక 1853లోను, బాలవ్యాకరణం ఆ తరువాతి సంవత్సరాలలోను వెలువడినప్పటినుంచి బడులలో వచనమంటే కావ్యభాషే అయింది. సూరిగారి ప్రతిభ అసాధారణమైనది. అయితే ఆ శైలి పాఠ్యప్రణాళికలోకి, పరీక్షలోకి ప్రవేశించిన తరువాత అది ఒక నిబంధనగా మారింది. ఇంట్లో, వీథిలో, గురువుగారితో సయితం పిల్లవాడు మాట్లాడే మాట పరీక్ష కాగితంమీద తప్పు. తన ఊహను తన మాటలలో వ్రాస్తే మార్కులు పోతాయి. ఆ మార్కులతోపాటు పై చదువు, ఉద్యోగం, కుటుంబం ఆశలు పోతాయి. పల్లెటూరి రైతుబిడ్డకు, ఇంట పండితుడు లేని బాలునికి ఈ నష్టం రెట్టింపు.

1907 ప్రాంతంలో ఉత్తర కోస్తా జిల్లాల పాఠశాలలకు ఇన్‌స్పెక్టరుగా జె.ఏ. యేట్సు దొర వచ్చారు. తెలుగు నేర్చుకున్న ఆయనకు, ప్రజల నోట విన్న తెలుగుకూ బడి పుస్తకంలోని తెలుగుకూ ఇంత వ్యత్యాసం ఎందుకన్న సందేహం కలిగింది. విశాఖపట్నంలో ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలుగా ఉన్న పి.టి. శ్రీనివాస అయ్యంగారి ద్వారా ఆ ప్రశ్న గురజాడ, గిడుగులను చేరింది. అప్పటికి పంతులుగారికి నలుబదినాలుగేళ్లు. అప్పటినుంచి తుదిశ్వాస వరకు ఆయనకు అదే దీక్ష అయింది. ముప్ఫై సంవత్సరాల కొలువు ముగించి 1911లో ఉద్యోగ విరమణ చేసిన తరువాత ఆయన కాలమంతా ఈ పనికే ధారపోశారు.

1912-13 ప్రాంతంలో స్కూలు ఫైనలు బోర్డు కార్యదర్శి ఒక ఉత్తర్వు పంపారు. వ్యాసరచన పరీక్షలో విద్యార్థి కావ్యభాషలోగాని ఆధునిక భాషలోగాని వ్రాయవచ్చునన్నది దాని సారాంశం. మద్రాసు కార్యాలయాలనుంచి వెలువడే వేయి కాగితాలలో ఇది ఒకటి. కాని దాని ఫలితం ప్రతి జిల్లాలోని పరీక్షాధికారి బల్లమీద, ప్రతి విద్యార్థి జవాబు పత్రంమీద కనిపించేది. తరతరాల అలవాటును ఆ చిన్న ఉత్తర్వు కదిలించింది.

వెంటనే అలజడి బయలుదేరింది. 1911లో జయంతి రామయ్య పంతులుగారి పూనికతో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు ప్రతిఘటనకు కేంద్రమయింది. వేదం వేంకటరాయశాస్త్రి, వావిలికొలను సుబ్బారావు వంటి ఉద్దండులు ఆ పక్షాన నిలిచారు. వారి వాదాన్ని తేలికగా కొట్టివేయడం న్యాయం కాదు. మాట జిల్లాకొక తీరుగా ఉంటుంది, గంజాం పిల్లవాని వ్రాత అనంతపురంలో ఎవరికి తెలుస్తుందని వారు శంకించారు. వాడుకకు తలుపు తీస్తే కవిత్రయం భారతం ముందు తరాలకు అందకుండా పోతుందని వారు భయపడ్డారు. భాషమీద ప్రేమతో వచ్చిన శంకలే అవి. అయితే ఆ వాదన ఫలితం అనుభవించవలసిన విద్యార్థిని ఆ సభలలో ఎవరూ అడగలేదు.

పంతులుగారు 1913లో ఆధునికాంధ్రాన్ని గురించి ఒక విజ్ఞాపన పత్రాన్ని ఇంగ్లీషులో ప్రకటించారు. అధికారులకు తెలిసిన భాషలోనే వారికి చెప్పాలని ఆయన ఉద్దేశం. పండితులు మాట్లాడే శిష్టవ్యావహారికం జిల్లాలన్నిటా అర్థమవుతుందని, తాను కోరేది దానినేగాని మూల మూలల యాసలను కాదని వివరించారు. విశ్వవిద్యాలయం వేసిన సంఘంలో 1914లో గురజాడవారు తమ అసమ్మతి పత్రాన్ని దాఖలు చేశారు. కాని ప్రయోజనం లేకపోయింది. 1915లో ఆ అనుమతి రద్దయింది. పుస్తకాలూ పరీక్షలూ మళ్లీ కావ్యభాషకే పరిమితమయ్యాయి. ఒక ఉత్తర్వుతో తెరుచుకున్న తలుపు మరొక ఉత్తర్వుతో మూసుకొన్నది. ఆ సంవత్సరం నవంబరు 30న గురజాడవారు కన్నుమూశారు. యుద్ధభూమిలో పంతులుగారు దాదాపు ఒంటరి అయ్యారు.

కార్యాలయాన్ని ఒప్పించలేకపోయినప్పుడు ఆయన ప్రజలను ఒప్పించడానికి పూనుకున్నారు. 1919లో రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్రభాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు అధ్యక్షులు, రామమూర్తి పంతులుగారు కార్యదర్శి. వీరేశలింగంగారు ఆ మే నెలలోనే స్వర్గస్థులైనారు. అదే ఏడాది పంతులుగారు తెలుగు అనే మాసపత్రిక నడిపారు. ఊరూరా తిరిగి, సంచినిండా పుస్తకాలు మోసుకొనిపోయి, గంటల తరబడి ఆధారాలు చూపుతూ ఉపన్యసించారు. ఎదుటివారి ఆక్షేపణ వినిపించకపోతే కాగితంమీద వ్రాయించుకొని చదివి సమాధానం చెప్పారు.

ఆయన ఆయుధం ఆవేశం కాదు, సాక్ష్యం. ముఖలింగం రాళ్లదగ్గర అలవడిన పద్ధతినే ఇక్కడా ప్రయోగించారు. పాత వచనాలను, వ్యాఖ్యానాలను, స్థానిక చరిత్రలను వెదకి, పూర్వులు వ్యవహారానికి సంబంధించిన వచనంలో వాడుక రూపాలనే వాడారని గద్యచింతామణిలో చూపించారు. కావ్యభాషను పట్టుబట్టి సమర్థించే పండితులు సయితం ఆ భాషను తప్పులేకుండా వ్రాయలేకపోతున్నారని ఆంధ్రపండిత భిషక్కుల భాషాభేషజంలో ఉదాహరణలతో నిరూపించారు. పండితులే పాటించలేని నియమాన్ని పసివాడిమీద విధించి, తప్పినందుకు వాడిని శిక్షించడం ఏ ధర్మమన్నదే ఆయన వాదసారం. 1924లో కాకినాడలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వ్యావహారికంపై తన నిషేధాన్ని ఎత్తివేసింది. సాహిత్యంలో గెలుపు దొరికింది. బడిలో మాత్రం పాత నిబంధనే చాలకాలం సాగింది.

వార్ధక్యంలో మరొక ప్రభుత్వ ప్రకటన ఆయన ఇంటి గడపదాకా వచ్చింది. ఒరియా మాట్లాడే ప్రాంతాలను కలిపి ప్రత్యేక రాష్ట్రం ఏర్పరచే ప్రయత్నాలు జరుగుతున్నప్పుడు పర్లాకిమిడి ఎటు చేరాలన్న వివాదం తలెత్తింది. ఒరియావారు తమ భాషకు ఒక రాష్ట్రం కోరడం సహజమే. తెలుగువారు కోరిందీ అటువంటిదే. పర్లాకిమిడి పట్టణంలో, చుట్టుపట్ల తెలుగువారు పెద్దసంఖ్యలో ఉన్నారని పంతులుగారు తమ వాదాన్ని అధికారుల ముందుంచారు. జమీందారీని రెండుగా చీల్చి పట్టణాన్ని కొత్త రాష్ట్రంలో చేర్చారు. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం ననుసరించి 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం అవతరించింది. పుట్టిన పర్వతాలపేట, చదివిన ముఖలింగం శాసనాలు మద్రాసు రాష్ట్రంలో మిగిలిపోయాయి. ఏబదియైదేళ్లకు పైగా కాపురమున్న ఇల్లు మరొక రాష్ట్రంలోకి పోయింది.

డెబ్బదిమూడో ఏట ఆయన ఆ ఇంటిని విడిచారు. ఒరిస్సా ప్రారంభోత్సవం జరిగిన రోజున ఉదయమే బయలుదేరి రాజమహేంద్రవరం వచ్చి అక్కడ స్థిరపడ్డారు. పేరు, పలుకుబడి ఉన్న మనిషి గనుక ఆయన ప్రయాణం చరిత్రకెక్కింది. ఒక గీత గీసినప్పుడు ఇటువైపు పొలం, అటువైపు ఇల్లు, ఒకవైపు బడి, మరొకవైపు కచ్చేరీ మిగిలిన సామాన్యుల అవస్థను ఎవరూ వ్రాసిపెట్టలేదు. తెలుగు, ఒరియా, సవర కుటుంబాలన్నీ ఆ మార్పుకు తలవంచి బ్రతుకు సర్దుకోవలసి వచ్చింది.

చివరి రోజులవరకు ఆయన కలం ఆగలేదు. 1940 జనవరిలో మద్రాసులో పత్రికా సంపాదకులకు వాడుకభాషను చేపట్టవలసిందని విన్నవించుకున్నారు. ఆ నెల 22న పరమపదించారు. ఆయన గతించిన కొన్ని దశాబ్దాలకుగాని పాఠ్యపుస్తకాలలో, విశ్వవిద్యాలయాలలో శిష్టవ్యావహారికం పూర్తిగా నిలదొక్కుకోలేదు. 1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వచ్చి తెలుగును ప్రభుత్వ భాషగా ప్రకటించింది. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నారు.

ఉత్సవం జరుపుకొనేవారు ఒక్క విషయం గుర్తుంచుకోవడం మంచిది. ప్రకటన తెలుగులో ఉన్నంతమాత్రాన పంతులుగారి ఆశయం నెరవేరదు. భూసేకరణకో, సర్వేకో, అడవి హక్కులకో సంబంధించిన కాగితాన్ని కార్యాలయం గోడకు అంటించి, గడువు పెట్టి, ఎవరికీ బోధపడని పారిభాషిక పదాలతో నింపితే, అది తెలుగు లిపిలో ఉన్నా చదువరులు కరువైన ముఖలింగం శాసనంతో సమానమే. సవర పల్లెకు ఆ తెలుగు సయితం పరాయిదే. ఊళ్లో బడిపంతులు ఆ కాగితాన్ని నలుగురినీ కూర్చోబెట్టి చదివి, గడువెప్పుడో, మొర ఎవరితో చెప్పుకోవాలో విడమరచి చెప్పినరోజున అది నిజంగా ప్రకటన అవుతుంది. నెలకు ముప్ఫై రూపాయల జీతగాడైన ఒక బడిపంతులు కొండకొమ్మున చేసిన పని ఇంతకన్న వేరు కాదు.